గుర్రాల పెయింటింగ్ ఎవరిచ్చారు

సెలవుల్లో నేను తీసా నది ఒడ్డున ఉన్న మా ఊరి మ్యూజియంలో పాత ఫైళ్ళు సర్దుతున్నాను. అమ్మమ్మ ఒకప్పుడు అక్కడే గుమాస్తా. ఇవాళ దొరికిన ఒక కాగితాన్ని ఎవరికీ చెప్పకుండా స్వెటర్‌లో దాచి ఇంటికి తెచ్చాను.

గిజెల్లా వైస్ అనే ఆవిడ గుర్రాల పెయింటింగును మ్యూజియానికి కానుకగా ఇచ్చినట్టు అందులో ఉంది. తేదీ 1944 జులై. ఆవిడతో సహా మా ఊరి యూదులందరినీ జూన్‌లోనే నాజీల మరణశిబిరాలకు రైలెక్కించేశారు. పైగా కింద ఆవిడ పేరుతో ఉన్న సంతకం అచ్చం అమ్మమ్మ రాసినట్టే ఉంది.

వంటింట్లో అమ్మమ్మ గసగసాల మర తిప్పుతోంది. కాగితం తన ముందు పెట్టాను.

"దొంగతనం చేశావా అమ్మమ్మా?"

"నోర్ముయ్, పెద్ద పోలీసువి బయల్దేరావు! వాళ్ళ సామానంతా జర్మనీకి ఎత్తుకుపోతుంటే, కానుక అని రాసి నేనే సంతకం పెట్టి ఆపాను. తిరిగొస్తే ఇచ్చేద్దామనే."

నాకు ప్రాణం లేచొచ్చింది. "పాపం, ఎవరూ రాలేదా?"

మర ఆగింది.

"గిజెల్లానే వచ్చింది, మరుసటేడు. నిజం చెప్తే నా ఉద్యోగం పోయేదే. జైల్లో కూడా పెట్టేవాళ్ళేమో. అందుకని ఈ కాగితమే చూపించాను, తేదీ మీద వేలు అడ్డం పెట్టి."

"ఆవిడేమంది?"

"చాలాసేపు చూసింది. 'నాకేమీ గుర్తుండట్లేదమ్మా, ఇచ్చే ఉంటాను' అని, నాకు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది."