వెనకచూపు

"పీకెయ్యి సాయిబూ, ముందా అద్దం పీకెయ్యి!"

మణెమ్మ మోటారుసైకిలు ముందు చక్రానికి అడ్డంగా నిలబడింది. చల్లపల్లి సెంటర్లో మెకానిక్ మదార్ సాహెబ్ అప్పుడే ఆమె కొడుకు బంగార్రాజు బండికి అద్దం బిగించి గుడ్డతో తుడుస్తున్నాడు.

బంగార్రాజు మోచేతి కట్టు చూపించాడు. "నిన్న ఉయ్యూరు దగ్గర లారీ వెనకనించొచ్చి రాసుకుపోయిందమ్మా. కాలవలో పడి బతికాను. అద్దం ఉంటే వెనకేం వస్తుందో కనపడుద్ది."

"కనపడకూడదనేగా నా గోల! వేటకి పోయేవాడు గడప దాటాక వెనక్కి చూడకూడదు. మీ తాత చూళ్ళేదు, నిండా బతికాడు. మీ నాన్న చూశాడు, పడవొక్కటే తిరిగొచ్చింది."

"ఇది వేటా అమ్మా? బెజవాడకి చేపలేసుకెళ్ళడం."

"చేపలు చేపలే!"

మదార్ సాహెబ్ స్పానర్‌తో తల గోక్కున్నాడు. "అమ్మా, అద్దం ముందుంది గదా. మీవాడు ముందుకే చూస్తాడు. వెనకదే వచ్చి దాన్లో కనపడుద్ది."

"మాయమాటలు చెప్పకు సాయిబూ. నీకేం, బిగించి ఇంటికి పోతావు. నాకు కొడుకొక్కడే." ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది.

తల్లి కళ్ళనీళ్ళ ముందు ఏ రోడ్డు రూలు నిలుస్తుంది? అద్దం ఊడింది. అయితే లారీ భయం మణెమ్మకీ లేకపోలేదు. కాసేపు ఆలోచించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బండెక్కి, కొడుకు వీపుకి వీపు ఆనించి వెనకవైపు తిరిగి కూర్చుంది. ఆమెకి ఎదురుగా క్యారియర్ మీద చేపల గంప.

"పద. వెనక సంగతి నేను చూసుకుంటా. నువ్వు మెడ తిప్పావో, నా మీదొట్టే!"

బండి బయల్దేరింది. బజారంతా చేస్తున్న పనులు ఆపి చూసింది.

"బస్సొస్తోంది, ఎడంకి జరుగు... పోయింది. ఎద్దుబండి, దానికేం తొందర్లేదు. సైకిలు మీద మన శౌరయ్యరా, మనిషి బాగా చిక్కిపోయాడు. అమ్మో, లారీ! ఒరేయ్ లారీ అబ్బాయ్, మెల్లిగా రారా, ముందు నా కొడుకున్నాడు!"

ఆమె అరచెయ్యి చాపేసరికి లారీ డ్రైవరు హడలిపోయి బ్రేకేశాడు. ఎందుకైనా మంచిదని ఓ దణ్ణం కూడా పెట్టాడు. అద్దంకంటే ఇదే మేలు, అద్దానికి నోరుండదు గదా అనుకున్నాడు బంగార్రాజు.

ఊరు దాటీ దాటగానే ఇంజను గుడగుడలాడి ఆగిపోయింది. ఎంత తన్నినా లేవలేదు.

"వెనక్కి చూశావు!" అంది మణెమ్మ.

"నీ మీద ఒట్టుపెట్టాక ఎట్టా చూస్తానమ్మా?"

"మరి ఊరికే ఆగుద్దా? ఎవరో చూసే ఉంటారు."

బంగార్రాజు నసిగాడు. "బయల్దేరిన కాణ్ణించీ వెనక్కే చూస్తోంది నువ్వేగదమ్మా."

మణెమ్మ చెయ్యి గుండెమీదికి పోయింది. గభాలున బండి దిగింది.

తల్లీకొడుకులు బండి తోసుకుంటూ మళ్ళీ సాహెబ్ దగ్గరికొచ్చారు. ఆయన ప్లగ్గు తీసి, మసి తుడిచి, ఒక్క తన్ను తన్నాడు. బండి లేచింది. నవ్వాపుకుంటూ అద్దం చేతిలోకి తీసుకున్నాడు.

"ఇప్పటికైనా బిగించమంటారా అమ్మా?"

"బిగించు నాయనా. బుద్ధొచ్చింది."

బంగార్రాజు హమ్మయ్య అనుకున్నాడు. సాహెబ్ హ్యాండిల్ మీదికి వంగాడు. మణెమ్మ ఆయన్ని ఆగమని, ఇందాకటిలాగే వెనకవైపు తిరిగి బండెక్కి కూర్చుంది.

"అక్కడెందుకయ్యా? ఇటు, నా ఎదురుగా ఈ గంపకి కట్టు. ఇకనించీ నేను కూడా దాన్లో ముందుకే చూస్తా!"