నేను రాయని జవాబు

నేను కథలు మానేసి ఎనిమిదేళ్లయింది. పాఠకుల ఉత్తరాలకు మాత్రం వంటింట్లోని రాతయంత్రమే తనంతట తాను ఆలోచించి నా పేరుతో జవాబులిస్తోంది. ఈ కాలంలో అందరిళ్లలోనూ అంతే. మళ్లీ కథ అల్లగలనా అని నెలరోజులుగా తేల్చుకోలేక, ఆ ఉదయం వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

పైడిరాజు అనే బస్సు డ్రైవరు సాలూరు నుంచి వెతుక్కుంటూ వచ్చి, జేబులోంచి నలిగిన కాగితం తీశాడు.

"మా యావిడ పోయినప్పుడు మీకు రాసినానమ్మా. ఈ జవాబు రాకపోతే నేనీపాటికి ఉండేవోణ్ని కాదు."

చదివాను. యంత్రం నాకంటే బాగా రాసింది. మధ్యలో ఒక వాక్యం: "నేనూ భర్తను పోగొట్టుకున్నదాన్నే."

అంతలో మా ఆయన కాఫీ గ్లాసుతో బయటికొచ్చాడు.

"ఈ బాబెవరమ్మా?" అన్నాడు పైడిరాజు.

"మా అన్నయ్య," అన్నాను.

మా ఆయన గ్లాసు అరుగు మీద పెట్టాడు. పైడిరాజు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సెల్లెల్ని బాగా సూసుకోండి బాబూ. మాలాటోళ్లకి ఆయమ్మే దిక్కు."

నా సందేహం తీరింది. ఎనిమిదేళ్ల తర్వాత నేను అల్లిన మొదటి కథను అతను పూర్తిగా నమ్మాడు. నేను చిక్కుడుకాయల మీంచి తలెత్తలేదు.