రెండు సీట్ల కారు

"గేటు దాటని కారుకు బ్రేకు ప్యాడ్లు ఎట్ల అరిగినాయప్పా?"

నంద్యాలలో మా పక్కింటి తిరుపాలయ్య శెట్టి ఒక ఆదివారం పొద్దున చక్రం ఊడదీసి నన్నడిగిన ప్రశ్న ఇది. రోడ్డెక్కితే గీతలు పడతాయని ఆ ఎర్ర స్పోర్ట్స్ కారును షెడ్డులోనే ఉంచి, ప్రతి ఆదివారం ఆయిలు చూసి, టైర్లకు గాలి కొట్టి, మెత్తటి పంచెతో తుడిచేవాడు. పెళ్లికొడుక్కు కూడా అంత సేవ జరగదు. నా పెళ్లిలో నాకు జరిగిందేమిటో ఇంకోసారి చెబుతాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే మీటరు మాత్రం కొన్ననాడే చచ్చింది.

ఆళ్లగడ్డలో ఉన్న తల్లిని కారులో వెళ్లి చూసివద్దామని ఆయన భార్య సువర్ణమ్మ ఏడాదిపాటు అడిగింది. ఈ మధ్య అడగడం మానేసింది. దారికొచ్చిందని శెట్టి సంబరం.

"నిలబడీ నిలబడీ అరిగినాయేమో" అని, నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

అంతలో సువర్ణమ్మ కాఫీ తెచ్చి, ప్యాడ్లను వేలితో తడిమి చూసింది.

"శుక్రవారం లోపల కొత్తవి ఏయండి. బ్రేకు పడకుంటే ఆళ్లగడ్డకు ఎట్ల పోయేది?"

శుక్రవారమంటే శెట్టి తన అంగడి సరుకు కోసం బస్సులో కర్నూలు పోయే రోజు.

ఆయన కాఫీ మింగడం మరిచిపోయాడు. "కారు నడపను ఎప్పుడు నేర్చుకొంటివి మే?"

"మీరు తుడుస్తాంటే చూసి కాదులెండి. మా తమ్ముడు నేర్పిచ్చినాడు."

శెట్టి కారు చుట్టూ వంగి వంగి తిరిగాడు. ఎక్కడా ఒక్క గీత లేదు. స్పానరు కింద పెట్టి మెల్లగా అడిగాడు.

"ఈ శుక్రవారం నేనూ వస్తా, కూచోబెట్టుకుంటావా?"

"సీట్లు రెండే కదా. అహోబిలం చూపిస్తానని మా అమ్మకు మాటిచ్చినా. మీరు ఎప్పట్లాగే బస్సుకు పోండి."