మూడో వాదన

"వచ్చింది, ఉద్యోగం వచ్చింది" అని కోడలు ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి భర్త నోటినిండా పేస్టు నురగ. అలాగే నవ్వాడు. నురగ కాస్తా చొక్కా మీదికి జారింది. ఇద్దరి బ్రష్షులూ వాటేసుకుని ఉండే గాజుగ్లాసును పక్కకు నెట్టి, తలకు తల ఆనించి ఆ మెసేజ్‌ని మళ్లీ మళ్లీ చదువుకున్నారు. రేపే వచ్చి చేరాలట. చేరకపోతే తర్వాతి వాళ్లకి ఇచ్చేస్తారట.

అంతలో ముందుగదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది.

ఆ ఇంట్లో మిషన్ ఆగిందంటే మామగారు ఏదో అనబోతున్నారని అర్థం. ఆయన దర్జీ. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆయన ఎదుట కొడుకు నోరెత్తడం ఆమె ఇంతవరకూ చూడలేదు.

"అమ్మాయిని ఓసారి ఇలా రమ్మను."

భర్త నోట్లో ఉన్న నురగ మింగేశాడు.

ఆమె వెళ్లి నిలబడింది. మామగారి మెడలో టేపు వేలాడుతోంది, చేతిలో సుద్దముక్క. బల్ల మీద ఎవరిదో చొక్కా, ఇంకా చేతులు కుట్టకుండా పడి ఉంది. తోడుగా వచ్చిన భర్త గుమ్మం కర్టెన్ దగ్గరే ఆగిపోయాడు. కర్టెన్ కింద అతని పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఉద్యోగమటగా" అన్నారు మామగారు. ఆమె తలూపింది.

"మన ఇంటి కోడళ్లెవరూ ఇంతవరకూ గడప దాటి ఉద్యోగం చెయ్యలేదు. నువ్వు మాత్రం ఎందుకు చెయ్యాలి?"

"బలహీనం" అంది కోడలు.

అనాలని అనలేదు. రీజనింగ్ పరీక్షకి చదివీ చదివీ నోటికి పట్టేసిన మాట అది. ఒక ప్రశ్న ఇచ్చి, కింద రెండు వాదనలు ఇస్తారు. ఏది బలమైనదో, ఏది బలహీనమో తేల్చాలి. భర్త ఒక్కొక్కటే చదివి వినిపించేవాడు, ఆమె గిన్నెలు తుడుస్తూ తేల్చేసేది. పోనుపోను కాపురమంతా అదే ఆటైంది. 'ఇంకాసేపు పడుకోవాలా? పడుకోవాలి, ఎందుకంటే దుప్పటి వెచ్చగా ఉంది' అని అతను మూలిగితే, 'బలహీనం' అంటూ ఆమె దుప్పటి లాగేసేది. ఆ మాటే ఇప్పుడు వెళ్లి మామగారి మొహాన పడింది.

కర్టెన్ కింద పాదాలు ఒక అడుగు వెనక్కి వేశాయి.

"ఏమన్నావు?"

అది పరీక్షలో వాడే మాటని, పొరపాటున వచ్చేసిందని నసిగింది. ఆయన వదల్లేదు. పరీక్షలో అలా ఎందుకంటారో చెప్పమన్నారు.

"ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదన్నది కారణం కాదు మావయ్యా" అంది. "చేస్తే మంచి జరుగుతుందో చెడు జరుగుతుందో చెప్పాలి. అప్పుడే అది బలమైన వాదన."

మామగారు సుద్దముక్క పెట్టేసి కత్తెర అందుకున్నారు. గుడ్డ లేకుండానే అది ఒకసారి తెరుచుకుని మూసుకుంది. కొడుకు సంపాదన చాలక కోడల్ని పంపుతున్నాడని నలుగురూ అంటారు, దానికేం చెబుతావని అడిగారు.

అబద్ధం చెబుదామా అనుకుంది. కానీ ఇంత తేలిక ప్రశ్నకి తప్పు జవాబు పెట్టడానికి మనసొప్పలేదు.

"అదీ బలహీనమే మావయ్యా. అంటారేమో అన్నది మన ఊహ. వాళ్లేమన్నా, దాని వల్ల ఉద్యోగం చెడ్డదైపోదు."

ఇంక అయిపోయింది అనుకుంది. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఇంట్లో తన మంచిపేరు కూడా పోయినట్టే. చీరకొంగు వేళ్లకి చుట్టుకుని, నేల మీది దారప్పోగుల్ని చూస్తూ నిలబడింది.

మామగారు గొంతు సవరించుకున్నారు. ఈసారి గొంతు కాస్త తగ్గింది.

"ఆఫీసు వదిలేసరికి చీకటి పడుతుంది. బస్సు దిగి ఆ వంతెన కింద నుంచి నడిచి రావాలి. అక్కడ లైటు కూడా ఉండదు. నీకేమన్నా అయితే?"

ఆమె దీన్నీ అలవాటుగానే తూచి చూసింది. ఆ దారి నిజం, చీకటి నిజం, జరగగలిగే నష్టం చిన్నది కాదు. ఎటునుంచి చూసినా కొట్టేయడానికి వీల్లేదు. 'బలహీనం' అని ఒక్క ముక్క అనేస్తే సరిపోతుంది, ఆయనకేం తెలుస్తుంది? కానీ కర్టెన్ వెనక ఉన్నవాడికి తెలుసు. తనకి తెలుసు.

"ఇది... బలమైనదే మావయ్యా" అంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తన ఉద్యోగం మీద తన చేత్తోనే కొట్టివేత గీత గీసుకున్నట్టుంది.

కత్తెర బల్ల మీదికి చేరింది.

"అది నాది" అన్నారు మామగారు. "దాని సంగతి నేను చూసుకుంటాలే. రేపు సాయంత్రం టార్చిలైటు పట్టుకుని బస్టాపులో ఉంటాను."

మరి మొదటి రెండూ ఎవరివి నాన్నా అని కర్టెన్ సన్నగా అడిగింది.

మామగారు వీధి తలుపు వైపు ఓసారి చూసి, కోడలి దగ్గరగా వంగి, గొంతు బాగా తగ్గించారు.

"మా అన్నయ్యవి. నువ్వు పరీక్ష రాసినప్పటి నుంచీ ఇవే అంటున్నాడు. ఈ కబురు తెలిస్తే రేపు పొద్దున్నే, నువ్వు బయల్దేరేలోపే దిగుతాడు. ఆయన్ని చూస్తే నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. నువ్వు నా పక్కనే నిలబడి, ఇందాకటిలాగే ఆ మాట అనెయ్యమ్మా."