చేపల ఉపవాసం

తెల్లారేసరికి రేచల్ పెంచుతున్న చేపలన్నీ గుంటలో వెల్లకిలా తేలాయి.

"గుంటలో గొర్రెల్ని దిగనీలేదని ఆ గొర్రెల కాశయ్యే పురుగుల మందు కలిపినాడు. స్టేషన్‌కు పోతా మామా!"

"ఎండకు చచ్చినాయేమో," అన్నాడు ఆమె మామ ఏలీయా.

"ఎండకెందుకు చస్తాయి? రెండు నెలలుగా మెల్లగా వేడి నీళ్లకు అలవాటు పడినాయి. వేడికి నీళ్లలో గాలి తగ్గి, పైకొచ్చి నోరు తెరుస్తున్నాయని మేత గూడా ఆపినా. తింటే అరిగించుకునేదానికి ఇంకా గాలి కావాల. అది చాలకనే చస్తాయి. ఇంకేం చేయాల నేను?"

విసురుగా చెప్పులేసుకుంది. ఏలీయా దారికి అడ్డం నిలబడ్డాడు.

"కాశయ్య కాదమ్మా. నిన్న అవి నోర్లు తెరుస్తుంటే ఆకలనుకున్నా. ఈస్టరు ముందు శ్రమదినాల ఉపవాసం మనకు గాని మూగజీవాలకేందని, గంపెడు తవుడు పోసినా. కడుపునిండా తిన్నాయి."