ఏడాది మాట

"ఇద్దరం ఒకేసారి ఆపరేషన్ బల్ల ఎక్కితే, ఒక్కరైనా దిగుతామని గ్యారంటీ ఏమిటి అత్తయ్యా?"

కుట్టుమిషను ఆగలేదు.

"గ్యారంటీ ఇవ్వడానికి నేనేమన్నా మిక్సీలు అమ్ముతున్నానా?"

కోడలు నవ్వలేదు. గోడగడియారంలో మూడున్నర. ఆరింటికి ఆస్పత్రి నుంచి ఫోను వస్తుంది. సరేనంటే ఎల్లుండే ఆపరేషన్. కాదంటే ఆ తేదీ వరసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. మళ్ళీ ఎప్పుడో డాక్టరు చెప్పలేదు. కోడలికి ఇంకా ఎన్ని నెలల ఆయుష్షుందో మాత్రం చెప్పాడు.

రెండు కిడ్నీలూ పాడైన కోడలికి అత్తగారి కిడ్నీ సరిపోయింది. పరీక్షలయ్యాయి. అనుమతులు వచ్చాయి. ఒప్పుకోనిది కోడలొక్కతే.

"మీకు అరవై దగ్గరపడుతోంది. మీకూ నాకూ ఏదైనా అయితే దాన్నెవరు చూస్తారు?" గుమ్మంలో కూర్చుని బొమ్మలకు రంగులేసుకుంటున్న ఏడేళ్ల కూతురి వైపు చూసింది. "తండ్రి ఎలాగూ లేడు."

"వాడు నా కొడుకు. లేడని నాకు నువ్వు చెప్పాలా?"

మిషను ఆగింది. అత్తగారు నోట్లోని గుండుసూది తీసి, ఒక కొలతల చీటీని జాకెట్ గుడ్డకు గుచ్చింది.

"సరే. నీ మాటా వద్దు, నా మాటా వద్దు. ఇవాళ పూజలో చీటీ తీస్తాను. దేవుడు ఏం చెబితే అది."

ఏటా డిసెంబరు ఆఖరి రోజు కృతజ్ఞతా పూజ అయ్యాక సిస్టరు చర్చి లోపల బుట్ట పట్టుకుని నిలబడుతుంది. అందులో ఆమె చేత్తో రాసిన బైబిలు వాక్యాల చీటీలుంటాయి. ఎవరు తీసిన వాక్యం వాళ్ళకు కొత్త సంవత్సరమంతా తోడు. ఏడాది మాట అంటారు దాన్ని.

కోడలు ఆలోచించింది. పదేళ్లుగా ఈ మనిషితో కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తెరల రంగు దాకా పోట్లాడని విషయం లేదు. కానీ దేవుడి విషయంలో అత్తగారు ఒక్క అబద్ధం ఆడగా ఆమె చూడలేదు.

"వద్దని వస్తే?"

"నోరు మూసుకుంటాను."

"మీరా?"

"ఓ గంట."

బయల్దేరారు. పిల్లను పక్కింట్లో వదిలారు. దారిలో ఒకావిడకు జాకెట్ కొలత తీసుకోవాలంటూ అత్తగారు పావుగంట ఆలస్యం చేసింది. వాళ్ళు చేరేసరికి గంట మోగిపోయింది.

"నాకు ఎప్పుడూ వెనక వరసే," అని గొణుక్కుంటూ ఆవిడ లోపలికి పరుగెత్తింది.

జనంలోకి వెళ్ళొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి కోడలు ముక్కుకు మాస్కు కట్టుకుని ఆవరణలోని సిమెంటు బెంచీ మీద కూర్చుంది. జపమాల తిప్పింది. మధ్యలో పూస ఎక్కడుందో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. ఆమెకు బతకాలనుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మరియమ్మకు తప్ప.

అయిదూ నలభైకి తలుపులు తెరుచుకున్నాయి. జనం చీటీలు విప్పుకుంటూ, ఒకరికొకరు చూపించుకుంటూ వస్తున్నారు. "ఏటేటా జనం పెరుగుతున్నారు, సిస్టరు బుట్టలో చీటీలు మాత్రం పెరగవు," అని ఒక ముసలాయన భార్యతో సణుగుతూ దాటిపోయాడు.

అయిదూ యాభై. అత్తగారు రాలేదు.

అయిదూ యాభై అయిదుకు వచ్చింది, అందరికంటే చివర. గుప్పిట బిగించి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏడ్చారా?"

"సాంబ్రాణి పొగ."

"వచ్చిందా?"

అత్తగారు గుప్పిట విప్పి, మడిచిన చీటీ తెరిచింది. దాన్ని చాలాసేపు చూసింది.

"చదవండి అత్తయ్యా. ఆరవుతోంది."

"భయపడకు," అని మెల్లగా మొదలుపెట్టింది. "నీకు ఎంత కావాలో నేను ముందే కొలిచి ఉంచాను."

కోడలు బెంచీ మీంచి లేచింది. "ఇది ఏ అధ్యాయం?"

"ప్రాణం మీదికొస్తే అధ్యాయాలు అడుగుతావేమిటే."

"ఏదీ, నేనూ చూస్తాను."

అత్తగారు ఆ చీటీనే మళ్ళీ మడిచి, కోడలి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "దగ్గర పెట్టుకో. ఏడాది తిరిగేదాకా విప్పకూడదు."

"ఈ నియమం ఎప్పుడు పెట్టారు?"

"ఈ ఏడే."

ఫోను మోగింది. ఒకసారి. రెండుసార్లు. కోడలు గుప్పిట గట్టిగా బిగించుకుని ఫోనెత్తింది.

"వస్తున్నాం," అంది.

మూడోనాడు ఉదయం ఇద్దరి స్ట్రెచర్లూ థియేటర్ ముందు పక్కపక్కనే ఆగాయి. గుప్పిట్లోది తీసేయమంది నర్సు. కోడలు వదల్లేక వదిలితే, కవర్లో పెట్టి పేరు రాసింది.

అత్తగారు దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"భయమా?"

"చలి. మనుషులుండే గదులేనా ఇవి?"

"దేవుడు చెప్పాడుగా అత్తయ్యా."

అత్తగారు ఆమె వైపు తిరిగింది. "నేను ఆయన్ని నమ్ముకునే వచ్చానే అమ్మాయ్," అంది. తలుపులు తెరుచుకున్నాయి.

మెలకువ వచ్చాక కోడలు అడిగిన మొదటి మాట, "మా అత్తయ్య?"

"పక్క వార్డులో," అంది నర్సు. "టీ చల్లారిపోయిందని గొడవ పెడుతున్నారు."

ఆ ఏడంతా చీటీ బైబిల్లోనే ఉంది. జ్వరం వచ్చినప్పుడు, రిపోర్టు కోసం ఎదురుచూసినప్పుడు, కోడలు ఆ పేజీ మీద చెయ్యి వేసుకుని ఆ వాక్యమే తలుచుకుంది. ఒక్కసారీ విప్పలేదు.

మళ్ళీ ఆఖరి రోజు వచ్చింది. రెండున్నరకే అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. మనవరాలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపుతోంది.

"త్వరగా రావే. ఈసారి ముందు వరసలో కూర్చోవాలి."

"పూజ నాలుగింటికి కదా అత్తయ్యా."

"నీకు తెలీదు. రా."

కోడలు నవ్వుకుంటూ బైబిలు అందుకుంది. చీటీ జారి పడింది. ఏడాది తిరిగింది కదా అని, మడతలు చిరగకుండా విప్పింది.

అందులో ఎవరివో జాకెట్ కొలతలున్నాయి.