నాలుగో తెల్లచుక్క గుర్రం

"ఇంకో గుర్రం వచ్చిందన్నా!" అంటూ మేనేజర్ కైసార్ తలుపు తోసుకుని వచ్చాడు.

అద్దం ముందు మీసానికి రంగు వేసుకుంటున్న ఝాన్‌బోలత్ గిరుక్కున తిరిగాడు. రంగు పెదవి మీదికి జారింది.

"గుర్రమేమిట్రా?"

"తెల్లచుక్క గుర్రం. నాలుగోది. ఎవరో ముసలాయన రెండు తీగల డొంబ్రా చంకన పెట్టుకుని కొండలోయ నుంచి దిగాడు. 'తెల్లచుక్క గుర్రం అని నా దగ్గరా ఓ పాటుంది, ఆయనకి వినిపించాలి' అంటున్నాడు."

ఝాన్‌బోలత్ గుండెలో గిట్టల చప్పుడు మొదలైంది. కాసేపట్లో షిమ్‌కెంత్ నగరంలోని ఈ పెళ్లిళ్ల హాల్లో విడుదల కాబోతున్న అతని ఆల్బం పేరు 'తెల్లచుక్క గుర్రం'. అందులో మొదటి పాట పేరూ అదే. ఆ పేరుతో అప్పటికే ఓ పెళ్లిపాటల గాయకుడి ఆల్బం, ఓ కుర్రముఠా ర్యాప్ పాట ఉన్నాయి. గాయకుణ్ణి బతిమాలి, కుర్రాళ్లని బెదిరించి పేర్లు మార్పించాడు. ఏళ్లుగా ఒక్క పాటా ఆడక, జనం కబాబు నములుతుంటే పక్కన నిలబడి పాడుతూ బతుకుతున్నవాడికి ఇదే ఆఖరి పరుగు. ఇది కూడా పడిపోతే ఇక నమలడానికి కబాబూ ఉండదు, అడిగినవాళ్లకి చెప్పడానికి జవాబూ ఉండదు.

పైగా ఓ గుట్టుంది. ఆ పేరు అతను పుట్టించింది కాదు. పాత అత్తవారి లోయలో ఎవరో అనగా విన్నాడు. చెవికి ఇంపుగా ఉంటే జేబులో వేసుకున్నాడు. అతని పాటలో గుర్రమంటే తెల్ల కారు. అందులో షికారుకి రమ్మని పిల్లని పిలుస్తాడు.

"ఏ లోయ?" అన్నాడు పెదవి తుడుచుకుంటూ.

"మీ పాత బావమరిది ఉండే లోయే. ఆయనా పొద్దున ఫోన్ చేశాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. అన్న హాల్లోనే ఉంటాడా అని అడిగి పెట్టేశాడు."

"చూశావా! పెళ్లాం విడిచిపెట్టినా బావమరిది విడిచిపెట్టడు. వాడే పంపాడు ఈ ముసలాణ్ణి. నా కొడుకు ఎల్దోస్ వేసవంతా అక్కడే ఉండి వాడి మందలు కాస్తున్నాడు. మేనల్లుడి మొహం చూసైనా ఊరుకోకూడదూ?"

ముసలాయన లోపలికి వచ్చాడు. పేరు ఒరిన్‌బెక్ అన్నాడు. టీ పోస్తే ముట్టలేదు. రొట్టె పెడితే కళ్లకద్దుకుని పక్కన పెట్టేశాడు.

"తలుపేసి కాస్త కూర్చో బాబూ. నీ ఒక్కడికే పాడాలి."

"ఒక్కడికే ఎందుకు తాతా? దొంగబేరమా? ఏం కావాలో చెప్పు."

"నాకేం వద్దు. నువ్వు వింటే చాలు."

"ఏమీ వద్దనేవాడే చివరికి అన్నీ కావాలంటాడు" అని కైసార్ ఝాన్‌బోలత్ చెవిలో ఊదాడు.

"అయితే ఈ పాటకి మూలం నువ్వేనంటావు?" అన్నాడు ఝాన్‌బోలత్.

"కాదు బాబూ. ఎవరు కట్టారో మా తాతలకే తెలీదు."

"మూలం తెలీని పాటని మూలన పడెయ్యక మోసుకొచ్చావెందుకు?"

ముసలాయన డొంబ్రా మీది ఉన్నిగుడ్డ సర్దాడు. "మొయ్యలేకే వచ్చాను" అన్నాడు.

ఝాన్‌బోలత్ కైసార్‌ని పక్కకి లాగాడు. "గదిలో గుట్టుగా విన్నామంటే రేపు ఊరంతా రట్టు చేస్తాడు. వేదికెక్కించు. జనం ముందు పాడించి, జనం చేతే నవ్వించి, రెండు పాటలకీ సంబంధం లేదని వాడి నోటితోనే కెమెరాల ముందు చెప్పిద్దాం."

"అక్కడ వద్దు బాబూ!" వేదిక మాట చెవిన పడగానే ముసలాయన తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

"అక్కడైతేనే వింటాను. లేదంటే నీ గుర్రాన్ని తోలుకుని నీ లోయకి పో."

ముసలాయన తలుపు వదిలాడు. "నీకు వినిపించకుండా నేను తిరిగి వెళ్లకూడదు" అని వాళ్ల వెంట నడిచాడు.

హాలు కిటకిటలాడుతోంది. పాటలో గుర్రం, పళ్లెంలో గుర్రం. విందుకి ఆనవాయితీగా వండిన గుర్రపు మాంసం మీంచి పొగలు లేస్తున్నాయి.

"మిత్రులారా!" ఝాన్‌బోలత్ మైకందుకున్నాడు. "నా గుర్రాన్ని చూడటానికి దాని తాతగుర్రం వచ్చింది! నోట్లో ఇంకా పళ్లున్నాయో లేదో చూద్దాం!"

హాలంతా ఘొల్లుమంది. ముసలాయన వేదిక మీద చతికిలబడి తీగ మీటాడు. సన్నటి, వణికే గొంతు. చీకటి పడేవేళకి మందంతా ఇంటికి వచ్చింది... తెల్లచుక్క గుర్రమూ వచ్చింది... కళ్లెం నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది...

"వచ్చేసిందిగా! మరింకా ఏడుపెందుకు తాతా?" అన్నాడు ఝాన్‌బోలత్. మళ్లీ నవ్వులు. డ్రమ్ములవాడు వెనక నుంచి దరువందుకున్నాడు. ఝాన్‌బోలత్ ముసలాయన చుట్టూ గుర్రంలా గెంతాడు, సకిలించాడు, నడుం తిప్పాడు. కుర్రాళ్లు ఈలలేశారు. వెనక బల్లల దగ్గర కొందరు ముసలమ్మలు చెంచాలు దించేశారు. ఒకావిడ తలగుడ్డ మొహం మీదికి లాక్కుంది. నవ్వాపుకోలేక చస్తున్నారనుకుని అతను ఇంకా ఎత్తుకి ఎగిరాడు.

ముసలాయన ఆపలేదు. కళ్లనీళ్లు గడ్డంలోకి కారుతుంటే, ఝాన్‌బోలత్ మొహం మీంచి చూపు తిప్పకుండా చివరి మాట దాకా పాడాడు.

"ఇప్పుడు అందరి ముందూ చెప్పు తాతా. నీ పాటకీ నా పాటకీ ఏమైనా సంబంధముందా?"

"లేదు బాబూ. నీ పాట వేరు."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. కైసార్ ఎగిరి గంతేశాడు. గెలిచిన ఝాన్‌బోలత్‌కి జాలి కూడా కలిగింది. ముసలాయన భుజం తట్టాడు.

"సరేలే తాతా. ఇంతకీ దీన్ని మీ లోయలో ఎప్పుడు పాడతారు? పెళ్లిళ్లకా, సున్తీ విందులకా?"

ముసలాయన డొంబ్రా పక్కన పెట్టి లేచాడు. అతన్ని దగ్గరికి తీసుకోవడానికి రెండు చేతులూ చాచాడు.

"కొడుకు పోయాడని తండ్రికి చెప్పడానికి పాడతాం, నాయనా."